ముద్రపడిన నోరు

మా ఆయన ఆ పింగాణీ పన్ను మూలని పట్టకారుతో విరగ్గొట్టి, కడిగి, తన బుగ్గన పెట్టుకుని కాఫీ తాగడం మొదలుపెట్టారు. పక్కన నేను, ఎదురుగా మా అమ్మాయి లహరి, గుమ్మం దగ్గర కంప్యూటరు పని చూసే నజీరు. కాఫీ పూర్తయ్యాక ఆయన పన్నును బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించారు. విరిగిన మూల మళ్ళీ వచ్చేసింది.

"ఉమ్మిలో ఉన్న సున్నాన్ని తాగి పెరిగింది వకుళా! కంప్యూటరు ఫైల్లో తన ఆకారం ఎలా ఉందో దీనికి గుర్తు. ఎన్నిసార్లు విరిగినా మళ్ళీ అలాగే వస్తుంది," అన్నారు.

"అంత జ్ఞాపకం మీకుంటే కొత్తిమీర తెమ్మన్నప్పుడు పుదీనా తేరు," అన్నాను.

లహరి పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. ఆ రోజుల్లో మా ఇంట్లో నా మాటకి అంత విలువుండేది.

మా ఆయన డాక్టర్ ఫణీంద్ర. కాకినాడలో పళ్ళ డాక్టర్లకి కొదవ లేదు. అయినా జనం మా క్లినిక్కి రావడానికి కారణం ఆయన అచ్చు తీసే పద్ధతి. గులాబీ రంగు పొడిని రబ్బరు గిన్నెలో నీళ్ళు పోసి నేను కలిపేదాన్ని. ఆ ముద్దని పళ్ళెంలో పెట్టి నోట్లో అదిమితే ఎంతటి మగాడికైనా వాంతి వచ్చినంత పనవుతుంది. ఆయన మాత్రం కొబ్బరి ధర దగ్గర మొదలుపెట్టి, మేనల్లుడి పెళ్ళి సంబంధం దాకా తీసుకెళ్ళి, పేషెంటు తన నోట్లో ఏముందో మరిచిపోయేలా చేసేవారు. ఆ తర్వాత పై పళ్ళు కింద పళ్ళ మీద ఎలా కూర్చుంటున్నాయో చూడడానికి మెత్తటి మైనం పెట్టి బైట్ తీసేవారు. "నాలుక మడిచి అంగిట్లో పెట్టండి. ఉమ్మి మింగండి. ఇప్పుడు నెమ్మదిగా మూయండి," అని మూడుసార్లైనా చేయించేవారు. మనిషి స్థిమితపడందే ఆయన బైట్ తీసేవారు కాదు.

స్కానర్ వచ్చాక అదంతా పోయింది. లావుపాటి పెన్నులాంటిదాన్ని నోట్లో ఇలా తిప్పితే చాలు, తెర మీద పళ్ళు ఒక్కొక్కటీ లేచి కూర్చుంటాయి. వాంతి లేదు, ముద్ద లేదు, మైనం లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నేనూ సంతోషించాను. నా చేతులకి గులాబీ రంగు వదిలింది. ఆయనకి మాత్రం పేషెంటుతో కబుర్లు చెప్పే అలవాటు కూడా దాంతోపాటే వదిలిపోయింది. స్కానర్‌కి కబుర్లు అక్కర్లేదు కదా.

ఆ స్కానర్‌కి ఈ జ్ఞాపకం ఉన్న పింగాణీని జత చేయడం ఆయన ఏళ్ళ తరబడి కన్న కల. అరిగితే పెరుగుతుంది, జరిగితే వెనక్కి వస్తుంది. అంతేకాదు, పై పన్ను కింద పన్నును గుర్తుపట్టి తనవైపు కాస్త లాక్కుంటుంది. పక్షవాతం వచ్చి దవడ జారిపోయినవాళ్ళు కూడా నమిలి తినగలగాలని ఆయన ఆశ. మంచి ఆశే. దానికి తాళం వేసే పని నజీరుది.

"ఒకరి నోటిని ఇంకొకరు మార్చకూడదు మేడమ్. అందుకే మనిషికి ఒకటే ఫైలు. మొదటి బైట్‌కి ముద్రపడిందంటే ఇంక నేను కూడా తెరవలేను," అని చెప్పేటప్పుడు ఆ కుర్రాడి మొహం వెలిగిపోయేది.

మొదటి పేషెంటుని నేనే. భానుగుడి దగ్గర స్కూటరు మీంచి పడి రెండు వైపులా దవడ పళ్ళు విరగ్గొట్టుకున్నాను. పరాయివాళ్ళ నోట్లో పెట్టేముందు ఇంట్లోవాళ్ళ నోట్లో పెట్టడమే ధర్మమని మా ఆయన అన్నారు. నాకూ అది సబబే అనిపించింది.

కొత్త మిషను కాబట్టి ముహూర్తం పెట్టించారు. మా వైపు కారుకి నిమ్మకాయ కట్టందే తాళం చెవి తిప్పరు, అలాంటిది ఇంత పెద్ద ప్రయోగానికి ముహూర్తం లేకుండా ఎలా? అవధానులుగారు వచ్చి స్కానర్‌కి పసుపు కుంకుమ పెట్టారు. బంధువులంతా వచ్చారు. ఈ పళ్ళని దేశమంతా అమ్మాలనుకుంటున్న బెంగళూరు కంపెనీ పెద్దమనిషి ఫోన్లో వీడియో చూస్తున్నాడు. నేను పట్టుచీర కట్టుకుని డెంటల్ కుర్చీలో పడుకున్నాను. నా నోట్లో స్కానర్ తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడు మా ఆయన ఫోను వైపు తిరిగి, "రెండో పేషెంటు కూడా సిద్ధంగా ఉందండి. మా అమ్మాయి లహరి. కింద వరస కాస్త వంకర. విరిగిన పళ్ళకే కాదు, బాగున్న పళ్ళకి కూడా ఇది ఎంత అందాన్నిస్తుందో మీరే చూస్తారు," అన్నారు.

బాగున్న పళ్ళకి ఆ పింగాణీ తొడగాలంటే వాటిని మేకుల్లా అరగదీయాలి. అరగదీసిన పన్ను తిరిగి రాదు. అంత మాట ముందుగా నాతో అనలేదు. నా కూతురి పళ్ళు ముత్యాల్లాంటివని నేననను, వంకరే, కానీ గట్టివి. 'వద్దు' అందామని లేవబోయాను. నోట్లో స్కానర్.

"అమ్మా, వర్జ్యం వచ్చేస్తోంది. కానివ్వండమ్మా, కానివ్వండి," అని అవధానులుగారు తొందరపెట్టారు.

"కరిచి పట్టు వకుళా," అన్నారు మా ఆయన. నాలుక మడవమనలేదు, ఉమ్మి మింగమనలేదు.

అంతమంది ముందు ఆయన పరువు తీయలేక కరిచాను. కోపమంతా దవడలోకి దిగింది. తెర మీద నా పళ్ళ మధ్య ఎర్రటి మచ్చలు పడ్డాయి.

నజీరు కంగారుపడ్డాడు. "సార్, బైట్ మరీ బిగువుగా ఉంది. ఎంత బలంగా కరిచారో అది కూడా ఫైల్లోకి ఎక్కుతుంది. మళ్ళీ తీద్దాం సార్."

"ముహూర్తం దాటాక తీస్తే ముహూర్తం పెట్టుకోవడం ఎందుకయ్యా? ముద్ర వేసెయ్," అన్నారు మా ఆయన.

మిషను కూత పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టి కాజాలు తిన్నారు.

పళ్ళు పెట్టిన కొత్తలో నాకు రాళ్ళు పెట్టినా నమిలేసేలా ఉండేది. మా ఆయన నా చేత చెరకు ముక్క కొరికించి వీడియో తీసి బెంగళూరు పంపించారు. లహరి సంగతి ఎత్తితే, "దాని పరీక్షలు అవనీ, చూద్దాం," అని మాట దాటేసేవారు. ఈలోగా నా దవడ పని మొదలైంది.

ముందు ఆవలింత పోయింది. వస్తుంది, చెవుల దాకా వస్తుంది, నోరు మాత్రం సగంలో ఆగిపోతుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. తర్వాత పూరీ ముక్క పట్టడం మానేసింది. ఆ తర్వాత చెంచా. చివరికి పైవీ కిందవీ పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. వెనక దవడ చివర ఉన్న చిన్న సందులోంచి గొట్టంతో జావ పీల్చుకోవడమే నాకు మిగిలింది. ముహూర్తం రోజున ఎంత గట్టిగా కరిచానో అంత గట్టిగానే ఆ పళ్ళు పగలూ రాత్రీ కరిచి ఉంచాయి. నా కోపం చల్లారినా వాటి కోపం చల్లారదు.

"అడ్జస్టవుతుంది," అన్నారు మా ఆయన మొదట్లో. తర్వాత డ్రిల్లుతో బుగ్గ పక్కనుంచి కోసి చూశారు. తెల్లారేసరికి కోసిన చోటల్లా పింగాణీ నిండిపోయింది. మళ్ళీ స్కాన్ చేద్దామంటే పెన్ను దూరే సందు లేదు, దూరినా నా పేరు మీద ఇంకో ఫైలు తెరుచుకోదు. ఈ పళ్ళు పీకడం ఎవరి తరమూ కాదు, వాటి వేళ్ళు దవడ ఎముకతో కలిసిపోయాయి.

పళ్ళ సందుల్లోంచి మాట్లాడితే బుసబుసలే తప్ప మాటలు వినపడవు. కూరలబ్బాయి నేను బెండకాయలంటే వంకాయలు తూచేవాడు. దెబ్బలాడే ఓపిక లేక అవే వండేదాన్ని, నేను తినేది ఎలాగూ లేదు. మా ఆడపడుచు వచ్చి, "వదిన ఎంత నెమ్మదైపోయిందిరా! ఇదివరకు ఇంట్లో అడుగు పెడితే చెవులు చిల్లులు పడేవి," అని మురిసిపోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నేను మంచిదాన్నైపోయాను. లోపల మాత్రం నేను పాతదాన్నే. అనాల్సినవన్నీ గొంతులో పేరుకుని ఉండేవి.

ఒకరోజు మధ్యాహ్నం కడుపులో తిప్పింది. జావ పులిసిందో ఏమో. వాంతి పైకి వస్తోంది, నోరు తెరుచుకోదు. అలాంటి భయం పగవాళ్ళకి కూడా వద్దు. గోడ పట్టుకుని దబదబా బాదాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి, పెదాలు లాగి పట్టుకుని, ముక్కులోంచీ పళ్ళ సందుల్లోంచీ వచ్చిందంతా తన చేతుల్తో తుడిచారు. ఊపిరి అందేసరికి నా మొహం నీలంగా మారిందట. ఆయన నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"నిన్ను చంపేసేవాణ్ణే వకుళా," అన్నారు.

నాకు జాలేసింది. ఆయన తల నిమిరాను. ఆ మనిషి చెడ్డవాడైతే నాకింత కష్టముండేది కాదు.

ఆ ఏడుపులోంచే ఆయనకి కొత్త ఉపాయం పుట్టింది. నజీరుని పిలిచి గంటలకొద్దీ మాట్లాడారు. సాయంత్రం అందరం హాల్లో కూర్చున్నాం.

నజీరు చెప్పాడు: "ముద్రపడిన ఫైలుని మార్చలేం మేడమ్. కానీ దానికి ఇంకో ఫైలుని జత కట్టొచ్చు. మీ దవడకి బాగా దగ్గరి పోలిక ఉన్న దవడ అయితే మిషను ఒప్పుకుంటుంది. ఆ బైట్ ఎలా ఉంటే మీ పళ్ళు అలా సర్దుకుంటాయి. ఆ జత కూడా ఒక్కసారే కట్టగలం."

నాకు తోబుట్టువుల్లేరు. అమ్మ పోయింది. నా దవడ ఉన్నది ఒక్క లహరికే.

"లహరి బైట్ తీస్తాం. అమ్మ నోరు తెరుచుకుంటుంది. ఎలాగూ ఫైలు పేషెంటు పేరు మీదే తెరవాలి కాబట్టి దాని పళ్ళు కూడా అప్పుడే చేసేద్దాం. బెంగళూరు వాళ్ళు రెండో పేషెంటు గురించి అడుగుతూనే ఉన్నారు. ఒక దెబ్బకి రెండు పిట్టలు," అన్నారు మా ఆయన. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"సార్, బైట్ మాత్రం తీసి ఊరుకోవచ్చు కదా?" అని నసిగాడు నజీరు.

"ముద్రపడ్డ పేషెంటుకి పళ్ళు పెట్టలేదంటే కంపెనీ వాళ్ళకి ఏం చెప్పను? వకుళకి ఇలా అయిందని చెప్పనా?" అన్నారు ఆయన.

ఫోను తీసుకుని పెద్ద అక్షరాలతో 'వద్దు' అని కొట్టి ఆయన మొహం ముందు పెట్టాను. చదివి, "నొప్పిలో ఉన్నావు, నీకు తెలీదు," అని ఫోను పక్కన పెట్టేశారు. లహరికి చూపించాను. అది నన్ను వాటేసుకుంది.

"నువ్వు జావ పీలుస్తుంటే చూడలేకపోతున్నానమ్మా. పళ్ళే కదా, పోతే పోయాయి. నాన్న ఈసారి జాగ్రత్తగా తీస్తారు," అంది.

నోటితో అన్న 'వద్దు'కి ఒక అరుపుంటుంది, బల్ల మీద చెయ్యేసి కొట్టడం ఉంటుంది. ఫోన్లో కొట్టిన 'వద్దు'ని చదివి పక్కన పెట్టేయొచ్చు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టైంది నా బతుకు. దాని పళ్ళు ఇస్తే నా నోరు తెరుచుకుంటుంది. నోరు తెరుచుకుంటే తప్ప దాని పళ్ళు కాపాడలేను. ఎటు తిరిగినా నా కూతురే దొరికిపోతోంది. దానికి ఇరవై ఏళ్ళు, రేపు దానికి కూడా మింగుడుపడని రోజులుంటాయి, పళ్ళు బిగించాల్సిన రోజులుంటాయి. నాకైన గతి దానికవదని ఎవరు పూచీ?

లహరి పరీక్షలు అయిపోయాయి. ఈసారి ముహూర్తం పెట్టించలేదు, అంతవరకు నయం. క్లినిక్‌లో మేం నలుగురమే ఉన్నాం. పళ్ళు అరగదీసే డ్రిల్లు పళ్ళెంలో సిద్ధంగా ఉంది. లహరి కుర్చీలో పడుకుంది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను.

స్కానర్ తిరిగింది. తెర మీద దాని వంకర వరస లేచింది, అచ్చం చిన్నప్పటి నా వరసే. మా ఆయనకి పాత రోజులు గుర్తొచ్చినట్టున్నాయి, "నాలుక మడిచి అంగిట్లో పెట్టమ్మా. ఉమ్మి మింగు," అన్నారు. కబుర్లు చెప్పాలని చూశారు, ఏమీ దొరకలేదు. ఎదురుగా బిగుసుకుపోయిన తల్లి, పక్కన డ్రిల్లు ఉంటే ఏ పిల్ల స్థిమితపడుతుంది?

"నెమ్మదిగా మూయి," అన్నారు.

లహరి కళ్ళు గట్టిగా మూసుకుంది. దాని దవడ పక్కన కండ ఉబికింది. అద్దంలో రోజూ చూసుకునే కండే అది. నాకింక ఏ ఆలోచనా మిగల్లేదు. చిన్నప్పుడు అది బలపం మింగబోతే ఏం చేశానో అదే చేశాను. నా చూపుడు వేలు దాని నోట్లోకి దూర్చేశాను.

నోట్లో వేలు పెడితే కొరకలేదని ఊరంతా అనే పిల్ల, ఎముక దాకా కొరికింది.

మిషను కూత పెట్టింది.

లహరి కళ్ళు తెరిచి నా వేలి మీద నెత్తురు చూసి కెవ్వుమంది. మా ఆయన స్కానర్ని పళ్ళెంలోకి విసిరి, "ఏం చేశావే!" అని అరిచారు. లహరి కుర్చీ దిగి నా వేలిని తన చున్నీలో చుట్టి, ఆయన వైపు తిరిగింది.

"నాకు వద్దు నాన్నా. నాకు భయం. మొదట్నించీ భయమే. అమ్మ కోసం ఒప్పుకున్నాను," అంది.

నజీరు తెరకి అతుక్కుపోయి ఉన్నాడు. "సార్... నోరు మూసిందనుకుని మీట నొక్కేశాను. ముద్రపడిపోయింది."

"తీసెయ్!"

"తీయలేను సార్. మీకు తెలుసు కదా. లహరి పేరు మీద ఇంక ఎప్పటికీ ఇంకో ఫైలు తెరుచుకోదు. ఈ బైట్‌తో పళ్ళు చేస్తే పైవీ కిందవీ కలవవు, ఎవరికీ పెట్టలేం," అన్నాడు. ఆ మాట చెబుతుంటే అతని మొహంలో భయం కన్నా తేలికదనమే ఎక్కువ కనిపించింది నాకు. నా వైపు చూడలేక తల దించుకుని అన్నాడు, "జత మాత్రం కట్టేసింది మేడమ్. ఇదే బైట్ మీ పళ్ళకి వెళ్ళిపోయింది."

సాయంత్రానికి నా దవడలో ఏదో సడలడం మొదలైంది. ఎక్కడో పింగాణీ చిటపటమంది. పై పళ్ళూ కింద పళ్ళూ ఒకదాన్నొకటి వదిలాయి. ఇన్ని నెలలకి నోట్లోకి గాలి చల్లగా వెళ్ళింది. లహరి ఏడుస్తూ, నవ్వుతూ నా గడ్డం పట్టుకుంది. నోరు తెరుచుకుంటూ తెరుచుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. మూద్దామని చూశాను, మూసుకోలేదు. లహరి సందేహంగా నా వేలు నా పళ్ళ మధ్య పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.

నా పళ్ళు ఇక కలవవు. మా ఆయన ఎన్ని రోజులు తల పట్టుకున్నా దారి దొరకలేదు, ఇక దొరకదు కూడా. అన్నం మెత్తగా మెదిపి మింగుతాను. సముద్రపు గాలికి నాలుక పిడచకట్టుకుపోతుంది, ఎప్పుడూ చేతిలో రుమాలు ఉండాల్సిందే. పడుకున్నా నోరు తెరిచే ఉంటుంది. ఒక్కోసారి జామకాయ కరిచినట్టు కల వచ్చి మెలకువ వస్తే దవడ పొడిచేస్తుంది. ఇది కూడా జైలే, కిటికీ ఉంది, అంతే తేడా.

కానీ మాట వస్తుంది. కొంచెం గాలి మాటే అయినా, ప్రతి ముక్కా వినబడుతుంది.

మొన్న బెంగళూరు పెద్దమనిషి స్వయంగా వచ్చాడు. మా ఆయన నన్ను లోపలి గదిలో కూర్చోమన్నారు. "ఒక్క గంట వకుళా. పక్షవాతం పేషెంట్లకి పనికొస్తుందని చెప్పి ఒప్పిస్తాను. నీ సంగతి ఇప్పుడే ఎందుకు?" అని బతిమాలారు. నేను రుమాలు పట్టుకుని ఆయన వెనకే హాల్లోకి వెళ్ళి ఆ పెద్దమనిషికి ఎదురుగా సోఫాలో కూర్చున్నాను. ముహూర్తం రోజు దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పాను, వాంతి సంగతి, గోడ బాదిన సంగతి, లహరి కోసం సిద్ధం చేసిన డ్రిల్లు సంగతి. ఆ పెద్దమనిషి మొహం మాడిపోయింది. మా ఆయన మధ్యలో రెండుసార్లు అడ్డు రాబోయారు.

"ఇంక చాలు వకుళా, ఆపు," అన్నారు చివరికి, కళ్ళనీళ్ళతో.

"ఎలా ఆపమంటారండీ? ఇది మూసుకోదు," అన్నాను. తర్వాత ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాను.